వీఆర్ ల్యాబ్‌లో క్వాంటం పాఠం: ఒక్కో ఎలక్ట్రాన్‌నీ పిల్లల చేతే లెక్కపెట్టించడం ఎలా?

ఇంటర్ సెకండియర్‌లో వికిరణం, ద్రవ్యాల ద్వంద్వ స్వభావం పాఠం పూర్తయ్యేసరికి పిల్లలు కణానికి తరంగదైర్ఘ్యం ఎంతో చెప్పే డి బ్రోగ్లీ సూత్రం తడుముకోకుండా రాసేస్తారు. లెక్కలూ బాగానే చేస్తారు. అప్పుడు ఈ ప్రశ్న వేసి చూడండి: "జంట చీలికల (పక్కపక్కనే ఉన్న రెండు సన్నని సందుల) వైపు ఒకే ఒక్క ఎలక్ట్రాన్‌ని వదిలితే తెర మీద ఏం పడుతుంది?" "మసకగా వెలుగు, చీకటి పట్టీలు పడతాయి సార్" అనే జవాబు ఎవరో ఒకరు ఇస్తారు. మిగతావాళ్లు తలలూపుతారు.

నిజానికి పడేది ఒక్క చుక్క. పట్టీలు ఏ ఒక్క ఎలక్ట్రాన్‌లోనూ కనిపించవు, వందల చుక్కలు పోగుపడ్డాకే తేలతాయి. క్వాంటం భౌతికశాస్త్రంలో సంభావ్యత అంటే ఏమిటో ఈ ఒక్క సంగతిలో ఉంది. బోర్డు మీద బొమ్మ గీసి చెబితే పిల్లలు విని రాసుకుంటారు, అంతే. చుక్కలు వాళ్లే లెక్కపెడితే మాత్రం మనసుకెక్కుతుంది. వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్‌ని ఆ లెక్కపెట్టే పనికే వాడాలని నా గట్టి అభిప్రాయం. తళుకుబెళుకుల యానిమేషన్ చూపించి "ఇదే క్వాంటం లోకం" అనడానికైతే అది అక్కర్లేదు.

నలభై మంది పిల్లలు, ఒకటో రెండో హెడ్‌సెట్లు, రెండు పీరియడ్లు ఉన్నాయనుకుని ఈ పద్ధతి రాస్తున్నాను. బీఎస్సీ క్లాసుకీ ఇదే సరిపోతుంది.

ముందుగా: వీఆర్ ఎక్కడ వద్దో తేల్చుకోండి

చేత్తో చేయగలిగిన ప్రయోగాన్ని హెడ్‌సెట్‌లో పెట్టకండి. కాంతి శక్తికీ పౌనఃపున్యానికీ ఉన్న నిష్పత్తి అయిన ప్లాంక్ స్థిరాంకం కనుక్కోవడానికి రంగురంగుల ఎల్ఈడీలు, ఒక పొటెన్షియోమీటర్, ఒక మల్టీమీటర్ చాలు. 630 నానోమీటర్ల ఎరుపు ఎల్ఈడీ 2 వోల్టుల దరిదాపుల్లో, 470 నానోమీటర్ల నీలం ఎల్ఈడీ 2.6 వోల్టుల దరిదాపుల్లో వెలగడం మొదలెడతాయి. ఆ తేడాని పిల్లలు నిజమైన మీటరు మీదే చూడాలి.

కాంతి పడితే లోహం నుంచి ఎలక్ట్రాన్లు వెలువడే కాంతి విద్యుత్ ఫలితానికీ వీఆర్ అవసరం లేదు. కొలరాడో విశ్వవిద్యాలయంలో కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లలో అది ఉంది. మన కేంద్ర విద్యాశాఖ వర్చువల్ ల్యాబ్స్‌లో అమృత విశ్వవిద్యాపీఠం తయారుచేసిన ఆధునిక భౌతికశాస్త్ర ల్యాబ్‌లోనూ ఉంది. రెండూ మామూలు కంప్యూటర్ మీద ఉచితంగా నడుస్తాయి. సీజియం పని ప్రమేయం (ఎలక్ట్రాన్‌ని లోహం నుంచి బయటికి లాగడానికి కావలసిన కనీస శక్తి) 2.14 ఎలక్ట్రాన్ వోల్టులు తీసుకుని, 400 నానోమీటర్ల కాంతికి నిరోధక పొటెన్షియల్ (ఎలక్ట్రాన్లను పూర్తిగా ఆపే వోల్టేజి) ఎంత రావాలో ముందు నోట్‌బుక్‌లో లెక్కగట్టమనండి (0.96 వోల్టులు వస్తుంది). ఆ తర్వాతే స్లైడర్ ముట్టుకోనివ్వండి. 620 నానోమీటర్ల ఎరుపు కాంతి తీవ్రతని ఎంత పెంచినా ఒక్క ఎలక్ట్రాన్ కూడా రాకపోవడం వాళ్లే చూస్తారు.

మరి హెడ్‌సెట్ దేనికి? ఒళ్లు కదిలించి, చుట్టూ తిరిగి చూస్తేనే అర్థమయ్యే సంగతులకు. అలాంటివి రెండు ఎంచుకున్నాను: ఒక్కో ఎలక్ట్రాన్‌తో జంట చీలికల ప్రయోగం, హైడ్రోజన్ పరమాణువు లోపల కూర్చుని దాని సంభావ్యతా మేఘాన్ని కొలవడం.

లేజరు, ఒక వెంట్రుక

వీఆర్ పీరియడ్‌కి ముందురోజు ఇది చేయించండి. తల వెంట్రుక ఒకటి తీసి ఎరుపు లేజర్ పాయింటర్ మూతికి అడ్డంగా టేపుతో అంటించాలి. మూడు మీటర్ల దూరంలోని గోడ మీద వేస్తే చుక్కకి రెండు పక్కలా వెలుగు, చీకటి ముక్కలు వరసగా కనిపిస్తాయి. వెంట్రుక మందం 70 మైక్రోమీటర్లు, లేజర్ 650 నానోమీటర్లు అయితే చీకటి చోట్ల మధ్య దూరం సుమారు 2.8 సెంటీమీటర్లు వస్తుంది. స్కేలుతో దాన్ని కొలిచి, వెనక్కి లెక్కగట్టి, ఎవరి వెంట్రుక మందం వాళ్లని కనుక్కోమనండి. లేజర్ మాత్రం ఎవరి కళ్లలోకీ పోకుండా మీరే దగ్గరుండి చూసుకోవాలి.

దీంతో పట్టీల మధ్య దూరానికీ తరంగదైర్ఘ్యానికీ ఉన్న సంబంధం చేతికి అందుతుంది. అదే సూత్రం రేపు ఎలక్ట్రాన్‌కి పనిచేయబోతోంది.

వీఆర్ దృశ్యంలో ఏముండాలి, ఏముండకూడదు

రెడీమేడ్ యాప్ కొనేముందు మూడు విషయాలు చూడండి. ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా వదిలే వీలుందా? మధ్యలో కనిపించే అలల బొమ్మని ఆపేయొచ్చా? చుక్కల లెక్క బయటికి తీసుకోవచ్చా? వీటిలో ఒక్కదానికి "లేదు" అన్నా ఆ యాప్ వదిలేయండి. ఎలక్ట్రాన్‌ని గోలీలా చూపించి చీలికలోంచి దూసుకుపోనిచ్చేదైతే అసలు ముట్టుకోకండి. ఆ బొమ్మ ఒకసారి పిల్లల కళ్లలో పడితే చెరపడం చాలా కష్టం.

మీ కాలేజీలో జావాస్క్రిప్ట్ వచ్చిన డిగ్రీ పిల్లలుంటే సొంతంగా తయారుచేసుకోవడమే మేలు. మొజిల్లా వాళ్లు 2015లో విడుదల చేసిన ఎ-ఫ్రేమ్ (వెబ్‌లో వీఆర్ దృశ్యాలు తయారుచేసే సాధనం) ఉచితం. అందులో చేసిన దృశ్యం హెడ్‌సెట్ బ్రౌజర్‌లో వెబ్ పేజీలాగే తెరుచుకుంటుంది. అయితే పేజీ హెచ్‌టీటీపీఎస్ చిరునామా మీద ఉంటేనే వీఆర్ మోడ్ నడుస్తుంది. గిట్‌హబ్ పేజెస్‌లో పెడితే ఆ ఇబ్బంది ఉండదు.

కొలతలు నిజమైన ప్రయోగం నుంచే తీసుకోండి. అమెరికాలో నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో ప్రచురించిన ప్రయోగంలో చీలికల వెడల్పు 62 నానోమీటర్లు, వాటి నడుమ దూరం 272 నానోమీటర్లు, ఎలక్ట్రాన్ల శక్తి 600 ఎలక్ట్రాన్ వోల్టులు. డి బ్రోగ్లీ సూత్రం ప్రకారం 1.227ని 600 వర్గమూలంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం 0.05 నానోమీటర్లు వస్తుంది. తెర 24 సెంటీమీటర్ల దూరంలో ఉంటే పట్టీల నడుమ దూరం 44 మైక్రోమీటర్లు. ఈ రెండు లెక్కలూ పిల్లల చేతే చేయించండి. ఆ 44 మైక్రోమీటర్లనే మన దృశ్యంలో గోడంత పెద్దది చేస్తున్నామని చెప్పండి. నిన్న కొలిచిన వెంట్రుక మందం కన్నా అది తక్కువని వాళ్లే గమనిస్తారు.

తెరని 24 నిలువు గళ్లుగా చేసి 1 నుంచి 24 దాకా అంకెలు వేయండి. ఒక్కో పట్టీకి ఆరు గళ్లు వచ్చేలా అమర్చాలి. పట్టీ వెడల్పూ గడి వెడల్పూ ఒకటే అయితే వెలుగు, చీకటి రెండూ ఒకే గడిలో కలిసిపోయి ఏమీ తేలదు.

చుక్క ఎక్కడ పడాలో కంప్యూటర్ ఇలా నిర్ణయిస్తుంది. తెర మీద ఏదో ఒక చోటుని యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. అక్కడి సంభావ్యతని, గరిష్ఠం 1 అయ్యేలా, జంట చీలికల సూత్రం నుంచి లెక్కగడుతుంది. తర్వాత 0కీ 1కీ మధ్య ఇంకో యాదృచ్ఛిక సంఖ్య తీస్తుంది. అది సంభావ్యత కన్నా తక్కువైతే చుక్క పెడుతుంది, ఎక్కువైతే ఆ చోటు వదిలేసి మళ్లీ మొదలెడుతుంది. ఈ పద్ధతిని పిల్లలకు దాచకుండా చెప్పండి. మనం చూస్తున్నది ప్రకృతిని కాదు, సూత్రం చెప్పినట్టు నడిచే ప్రోగ్రామ్‌ని. ఆ తేడా వాళ్లకు తెలియాలి.

హెడ్‌సెట్ పెట్టేముందు

పిల్లల్ని స్టూలు మీద కూర్చోబెట్టండి, నిలబెట్టకండి. ఒకరికి పది నిమిషాలు మించనివ్వకండి. కళ్లు తిరిగినా, వాంతి వచ్చేలా అనిపించినా వెంటనే తీసేయమని ముందే చెప్పండి. మూర్ఛ ఉన్నవాళ్లు, తరచూ మైగ్రేన్ వచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారేమో క్లాసులో అందరి ముందూ కాకుండా విడిగా కనుక్కోండి. వాళ్లకి లెక్క రాసే పని ఇస్తే పాఠంలో ఏ లోటూ రాదు.

కొబ్బరినూనె, కాటుక, చెమట ముఖానికి ఆనే స్పాంజిని త్వరగా పాడుచేస్తాయి. కడిగి వాడుకునే సిలికాన్ తొడుగు వేయించండి, పిల్లవాడు మారినప్పుడల్లా తుడవండి. హెడ్‌సెట్ కటకాలను పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తప్ప దేనితోనూ ముట్టుకోవద్దు. అన్నిటికన్నా ముఖ్యం: హెడ్‌సెట్‌ని కిటికీ పక్కన పెట్టకండి. దాని కటకాల మీద నేరుగా ఎండ పడితే అవి భూతద్దంలా వెలుగుని లోపలి తెర మీద కేంద్రీకరిస్తాయి. కాసేపటికే తెర మీద మచ్చ పడుతుంది, అది ఇక పోదు.

ఫోన్ లోపల పెట్టి చూసే అట్టపెట్టె కార్డ్‌బోర్డ్ హెడ్‌సెట్‌తో చేయాలనుకుంటే ఫోన్‌లో గైరోస్కోప్ (ఫోన్ తిరగడాన్ని పసిగట్టే సెన్సార్) ఉందో లేదో చూసుకోండి. చవక ఫోన్లు చాలావాటిలో ఉండదు. యూట్యూబ్‌లో ఏదైనా 360 డిగ్రీల వీడియో పెట్టి ఫోన్ తిప్పితే దృశ్యం తిరగాలి. తిరగకపోతే ఆ ఫోన్ పనికిరాదు.

మొదటి పీరియడ్: ఇరవై చుక్కలు, రెండొందల చుక్కలు

నలుగురేసి చొప్పున పది గుంపులు చేయండి. ఒకరు హెడ్‌సెట్ పెట్టుకుంటారు. ఇంకొకరు 24 గళ్ల కాగితం మీద రాస్తారు. మూడోవారు ఇరవై అయ్యేదాకా లెక్క చూస్తారు. నాలుగోవారు స్టూలు పక్కన నిలబడి, పెట్టుకున్నవాళ్ల చెయ్యి దేనికీ తగలకుండా కాస్తారు. ప్రొజెక్టర్‌కి కలపకండి. లోపల చూసేవారి మాట తప్ప బయటివాళ్లకు ఇంకే ఆధారమూ ఉండకూడదు.

మూడు సెకన్లకు ఒక ఎలక్ట్రాన్ చొప్పున ఇరవై వదలండి. చుక్క పడగానే లోపలున్నవారు గడి అంకె గట్టిగా చెప్పాలి. "పదమూడు!" "ఐదు!" "పన్నెండు!" "ఇరవై!" గుంపు మారడానికి పట్టే సమయంతో కలిపి ఒక్కో గుంపుకి మూడు నిమిషాలు, పది గుంపులకు అరగంట. మిగతా గుంపులు ఆలోపు తమ ఊహ రాసి మీకిచ్చేయాలి: ఇరవై చుక్కల్లో పట్టీలు కనిపిస్తాయా, కనిపించవా, ఎందుకు?

ఏ గుంపు కాగితం చూసినా అడ్డదిడ్డంగా ఉంటుంది. పక్క గుంపు కాగితంతో పోలికే ఉండదు. ఈ దశలో వివరణ మొదలెట్టకండి. రెండు గుంపుల వాళ్లని లేపి, "మీ ఇద్దరిలో ఎవరిది సరైనది?" అని అడగండి. కాసేపు వాదించుకోనివ్వండి. వాదన వల్ల పీరియడ్ కొంచెం ఆలస్యమైనా ఫరవాలేదు.

ఇప్పుడు బోర్డు మీద 24 గళ్లు గీసి ఒక్కో గుంపునీ పిలిచి తమ చుక్కలు వేయమనండి. మూడో గుంపు, నాలుగో గుంపు దాకా ఏమీ తెలియదు. ఆరేడు గుంపులయ్యేసరికి కొన్ని గళ్లు ఖాళీగా మిగిలిపోతున్నాయని వెనక బెంచీవాళ్లు కూడా పసిగడతారు. రెండొందల చుక్కలు పూర్తయ్యాక 12, 13 గళ్లలో ఒక్కోదానిలో సుమారు 19 ఉంటాయి. 3, 4, 9, 10, 15, 16, 21, 22 గళ్లలో ఒకటో రెండో ఉంటాయి. అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి, ఆకారం మాత్రం తప్పదు.

ఇక్కడ ఒక అపోహ తలెత్తుతుంది: ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి నెట్టుకోవడం వల్ల పట్టీలు వచ్చాయని. మన దృశ్యంలో ఒకటి తెరకి చేరాకే రెండోది బయల్దేరిందని గుర్తుచేయండి. ఇంకా గట్టి సంగతి ఏమిటంటే, ఈ చుక్కలు వచ్చింది ఒక గుంపు ప్రయోగంలో కాదు, పది గుంపులు వేర్వేరు సమయాల్లో చేసిన ప్రయోగాల్లో. మొదటి గుంపు ఎలక్ట్రాన్‌కీ పదో గుంపు ఎలక్ట్రాన్‌కీ మధ్య అరగంట ఎడం ఉంది.

ఆ తర్వాత చరిత్ర చెబితే చెవికెక్కుతుంది. ఎలక్ట్రాన్లతో జంట చీలికల ప్రయోగాన్ని మొదట చేసింది జర్మనీలో క్లౌస్ యోన్సన్, 1961లో. 1989లో జపాన్‌లో హిటాచీ సంస్థలో అకిరా తోనోమురా బృందం చుక్కలు ఒక్కొక్కటిగా పోగుపడటాన్ని రికార్డు చేసింది. వాళ్ల పరికరంలో చీలికలు లేవు. విద్యుదావేశం ఉన్న సన్నని తీగకి రెండు పక్కల నుంచీ దారి ఉండేది. ఆ వీడియో నెట్‌లో దొరుకుతుంది. బోర్డు మీది చుక్కలు అలాగే ఉంచి, పక్కనే ఆ వీడియో వేయండి.

రెండో పీరియడ్: వీపు తిప్పి కూర్చోవడం

ఈ పాఠానికి హెడ్‌సెట్ నిజంగా కావలసింది ఇక్కడే. దృశ్యంలో చీలికల దగ్గర ఎలక్ట్రాన్ ఏ దారిన పోయిందో నమోదుచేసే డిటెక్టర్ ఉంచి, దానికొక స్విచ్ పెట్టండి. డిటెక్టర్ ఆన్ అయితే ప్రోగ్రామ్ పట్టీల భాగం వదిలేసి, నడుమ ఎత్తుగా ఉండి పక్కలకు తగ్గే మామూలు వంపు నుంచే చుక్కలు తీయాలి. రెండొందల చుక్కలకు నడిమి గళ్లలో పదేసి, అంచు గళ్లలో ఐదేసి వస్తాయి. చీకటి గళ్లు మాయమవుతాయి.

"చూస్తే ఎలక్ట్రాన్‌కి తెలిసిపోతుంది, అందుకే మారిపోతుంది" అని పిల్లలు ఎక్కడో విని ఉంటారు. మనిషి మనసే ఫలితాన్ని మారుస్తుందనే ప్రచారమూ చాలా ఉంది. దీన్ని మాటలతో ఖండించకండి, ప్రయోగంతో పరీక్షించండి. గుంపుల్ని రెండు సగాలు చేయండి. ఐదు గుంపులకు డిటెక్టర్ ఆన్ చేసి, హెడ్‌సెట్ పెట్టుకున్నవారిని స్టూలు తిప్పి తెరకీ డిటెక్టర్‌కీ వీపు పెట్టి కూర్చోమనండి. ఎలక్ట్రాన్లు పోయేటప్పుడు ఎవరూ చూడరు. నలభై ఎలక్ట్రాన్లు పోయాక ఇటు తిరిగి తెర మీద మిగిలిన చుక్కల్ని చదవాలి. మిగతా ఐదు గుంపులకు డిటెక్టర్ ఆఫ్ చేసి, ప్రతి ఎలక్ట్రాన్‌నీ రెప్ప వేయకుండా చూడమనండి. ఈసారి హెడ్‌సెట్ కొత్తవారికి ఇవ్వండి. మొదలెట్టేముందు, ఏ సగంలో పట్టీలు వస్తాయో ప్రతి ఒక్కరూ కాగితం మీద రాసి సంతకం పెట్టాలి.

ఎవరూ చూడని సగంలో పట్టీలు పోతాయి. కళ్లప్పగించి చూసిన సగంలో పట్టీలు ఉంటాయి. తేడా తెచ్చింది చూపు కాదు, దారి వివరం ఎక్కడో ఒకచోట నమోదు కావడం.

"ప్రోగ్రామ్ అలా రాశారు కాబట్టి అలా వచ్చింది" అని తెలివైన పిల్లవాడు అంటాడు. అనాలి కూడా. మెచ్చుకుని, వియన్నా ప్రయోగం చెప్పండి. అక్కడ 2004లో 70 కార్బన్ పరమాణువులున్న పెద్ద అణువుల్ని లేజర్‌తో వేడిచేసి వ్యతికరణ (తరంగాలు కలిసి పట్టీలు ఏర్పరిచే) పరికరంలోకి పంపారు. వేడెక్కిన అణువు దారిలో తనంతట తానే కాంతిని వెదజల్లుతుంది. అణువు ఎక్కడుందో ఆ కాంతి మోసుకుపోతుంది. ఆ కాంతిని పట్టి చూసినవాళ్లు ఎవరూ లేరు. అయినా అణువుల్ని వేడిచేసిన కొద్దీ పట్టీలు చెరిగిపోయాయి. మన ప్రోగ్రామ్‌కి ఆధారం అలాంటి నిజమైన కొలతలే.

హైడ్రోజన్ లోపల

సమయం మిగిలితే, లేదా ఇంకో రోజు, దీన్ని చేయండి. బోర్ వ్యాసార్ధం (బోర్ నమూనాలో హైడ్రోజన్ ఎలక్ట్రాన్ మొదటి కక్ష్య వ్యాసార్ధం) 0.0529 నానోమీటర్లు. దాన్ని వీఆర్‌లో ఒక మీటరు చేయండి. పిల్లవాడు కేంద్రకం ఉన్న చోట కూర్చుంటాడు, చుట్టూ వంద చుక్కలు. ఒక్కో చుక్క దూరం తీయడానికి సులువైన ఉపాయముంది: 0కీ 1కీ మధ్య మూడు యాదృచ్ఛిక సంఖ్యలు గుణించి, సహజ లాగరిథమ్ తీసి, రుణ గుర్తు పోగొట్టి, అర మీటరుతో గుణించాలి. దిశ ఏదైనా కావచ్చు. హైడ్రోజన్ భూస్థాయికి (అతి తక్కువ శక్తి ఉన్న స్థితికి) సరిగ్గా ఇదే వర్తిస్తుంది.

అర మీటరుకొకటి చొప్పున పారదర్శకమైన గోళాలు పెట్టి, ఒక్కో పొరలో చుక్కలెన్నో లెక్కపెట్టించండి. మొదటి అర మీటరులో సుమారు 8, తర్వాత 24, ఆ తర్వాత 25, మరో అర మీటరులో 19, రెండు మీటర్ల బయట 24. అంటే బోర్ వ్యాసార్ధం లోపల మూడో వంతు కూడా లేవు. బోర్ గీసిన కక్ష్య మీదే ఎలక్ట్రాన్ తిరుగుతుందనే బొమ్మ ఈ లెక్కతో పోతుంది. చుక్కలు అన్నిటికన్నా దట్టంగా ఉండేది తన దగ్గరే అయినా ఆ పొరలో తక్కువ ఎందుకొచ్చాయని పిల్లవాడు అడుగుతాడు. లోపలి పొర ఘనపరిమాణం చిన్నదని, చుట్టూ తలతిప్పి చూస్తే తనకే తెలుస్తుంది. చదునైన తెర మీద ఇది అంత సులువుగా తెలియదు.

రెండు హెచ్చరికలు చేయండి. ఒక్కో చుక్క ఒక్కో ఎలక్ట్రాన్ కాదు. ఒకేలాంటి వంద హైడ్రోజన్ పరమాణువుల్లో ఒక్కోదాన్ని ఒక్కసారి కొలిస్తే వచ్చిన వంద ఫలితాలవి. ఇక కేంద్రకం: ఈ కొలతలో ప్రోటాన్ వ్యాసం 0.03 మిల్లీమీటర్లు, వెంట్రుక మందంలో సగం. దృశ్యంలో ఎర్ర బంతి పెడితే అది అబద్ధం. ఏమీ పెట్టకండి.

హెడ్‌సెట్ తీసేశాక

వీఆర్ గదికి ఉన్న దిక్కులు మూడే. ఒక ఎలక్ట్రాన్ తరంగ ప్రమేయాన్ని (సంభావ్యతని లెక్కగట్టే ఆధారాన్ని) అందులో చూపించవచ్చు. రెండు ఎలక్ట్రాన్లకైతే ఆరు నిరూపకాలు కావాలి, ఏ గదిలోనూ పట్టదు. కాబట్టి చిక్కుముడి స్థితుల్ని (రెండు కణాల ఫలితాలు ఒకదానితో ఒకటి ముడిపడే ఎంటాంగిల్‌మెంట్‌ని) రెండు బంతుల మధ్య మెరిసే దారంలా చూపించే యాప్‌లను నమ్మకండి. ఆ పాఠాన్ని ఫలితాల పట్టికతో చెప్పండి. అమరావతిలో 156 క్యూబిట్ల (క్వాంటం బిట్ల) ఐబీఎం క్వాంటం కంప్యూటర్ పెడతామని 2025లో ప్రకటించారు కదా, దాని గురించి అడిగే పిల్లలకూ ఈ పట్టికే దారి. అక్కడ కూడా ఒకే సర్క్యూట్‌ని వందలసార్లు, వేలసార్లు నడిపి, ప్రతిసారీ వచ్చిన 0, 1లను లెక్కపెడతారు. బోర్డు మీద చుక్కలు పోగేసిన పిల్లలకు అది కొత్త పనిలా అనిపించదు.

వారం తర్వాత చిన్న పరీక్ష పెట్టండి. "వీఆర్ ఎలా ఉంది?" అని అడగొద్దు, బాగుందనే అంటారు. ఈ మూడు అడగండి. ఒక్క ఎలక్ట్రాన్ తర్వాత తెర ఎలా ఉంటుందో గీయండి. ఇరవై చుక్కల కాగితం ఒకటిచ్చి, ఇది డిటెక్టర్ ఆన్‌లో ఉన్నప్పటిదా, ఆఫ్‌లో ఉన్నప్పటిదా చెప్పమనండి. ఎలక్ట్రాన్ల శక్తిని 600 నుంచి 2400 ఎలక్ట్రాన్ వోల్టులకు పెంచితే పట్టీల దూరం ఏమవుతుంది?

మూడోదానికి జవాబు సగమవుతుందని: 22 మైక్రోమీటర్లు. రెండోదాన్ని దిద్దేటప్పుడు జాగ్రత్తగా చదవండి. ఆన్ అనో ఆఫ్ అనో ధీమాగా రాసినవాళ్లతో మరోసారి కూర్చుని గుంపుల కాగితాలు ముందేసుకోండి. "ఇరవై చుక్కలతో తేల్చి చెప్పలేం, ఇంకా కావాలి" అని రాసినవాళ్లకు పూర్తి మార్కులు వేయండి.